సాల్మన్ రాజు చదవగలిగిన అక్షరం

ఆ బుధవారం ఉదయం సుసన్న అనుకున్న పని చిన్నదే. ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళే దారిలో ఇబ్రహీంపట్నం బస్ డిపో దగ్గర దిగాలి. ఎదుటి సందులోని ఫ్లెక్సీల దుకాణంలో భర్త సాల్మన్ రాజు ఫోటో ఇవ్వాలి. ఆయన పోయి సంవత్సరం అవుతున్న సందర్భంగా ఇంట్లో జరిపే ప్రార్థనకు ఒక ఫ్లెక్సీ చెప్పాలి. తర్వాతి బస్సు పట్టుకుని, తాను పనిచేసే కాలేజీ లైబ్రరీ తెరిచే వేళకు చేరాలి. ఈ ఊళ్ళో మనిషి పోయినా, పుట్టినరోజు చేసుకున్నా, ప్లాట్లు అమ్మినా ఆ కబురు సాగర్ రోడ్డు చౌరస్తాలో ఫ్లెక్సీ మీద కనబడవలసిందే. కనబడకపోతే బంధువులు తమను పిలవలేదనుకుంటారు.

దుకాణం నడిపే వికాస్ ఒకప్పుడు అదే కాలేజీలో చదివాడు. సాల్మన్ రాజు ఫోటోను కాసేపు చూసి, కంప్యూటరులో ఊదారంగు వెనకతలం, కొవ్వొత్తి, సన్నని సాగదీసిన అక్షరాలు ఉన్న నమూనా తీశాడు. పోయినవారికి ఊళ్ళో అందరూ ఇదే వేయిస్తారని చెప్పాడు. సుసన్న తల అడ్డంగా ఊపి, తనకు కావలసిన అక్షరం తెర మీద వెతికి వేలు పెట్టి చూపించింది. లావుపాటి, గుండ్రటి అక్షరం అది. దానిలో ఎక్కడా మూల లేదు. గీత మొదలైన చోటా ముగిసిన చోటా అరిగిన సబ్బుబిళ్ళ అంచులా నున్నగా ఉంటుంది. మందం అంతటా ఒకటే. తలకట్టు పొట్టి బొటనవేలిలా పైకి లేచి ఉంటుంది. అంత లావుగా ఉన్నా అక్షరం లోపలి ఖాళీలు పూడుకుపోకుండా విశాలంగా ఉంటాయి.

వికాస్ కొంచెం ఇబ్బంది పడ్డాడు.

"మేడం, గిది పిల్లల బడులకు, ఐస్‌క్రీం బండ్లకు వాడుతం. చనిపోయినోళ్ళకు ఎన్నడు వాడలే."

"మా ఆయనకు వాడు. ఆఖరికి ఆయన చదివింది గీ అక్షరం ఒక్కటే."

వికాస్ ఊదారంగు నమూనాను మూసేశాడు. తెల్లటి వెనకతలం మీద ఆ అక్షరాలు పరిచాడు.

సాల్మన్ రాజు డిపోలో మెకానిక్‌గా పనిచేశాడు. షుగరు వల్ల చూపు మెల్లగా తగ్గింది. మొదట్లో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కనబడని ప్రతిదాన్నీ బాగుందనడం అలవాటు చేసుకున్నాడు. పెళ్ళికార్డు చేతికిస్తే బాగుందన్నాడు. మేనకోడలి ఫోటో చూపిస్తే బాగుందన్నాడు. కరెంటు బిల్లు ఇచ్చినప్పుడు కూడా బాగుందనేసరికి సుసన్నకు అనుమానం వచ్చింది. దవాఖానలో చూపించాక డాక్టరు ఉన్న చూపును కాపాడుకోమని మాత్రమే చెప్పాడు.

లైబ్రరీలో పుస్తకాలకు లేబుళ్లు కొట్టి అంటించడం సుసన్న పని. ఆమె ఒకే వాక్యాన్ని రకరకాల అక్షరాల్లో అచ్చు తీసి తెచ్చి భర్త ముందు పరిచింది. సన్నవి చూసి కడ్డీల లెక్క ఉన్నయన్నాడు. మామూలు లావు అక్షరాలు మసి మరకల లెక్క ఉన్నయన్నాడు. చివరికి ఈ గుండ్రటిది చేతిలోకి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మెల్లగా కూడబలుక్కుని పైకే చదివాడు. "ఉప్పు తక్కువ వాడవలెను." చదివి, ఆ మాట రాసిన మనిషెవరో చెప్పమని గట్టిగా అడిగాడు. ఆ తర్వాత ఇంట్లో డబ్బాలకు, స్విచ్చులకు, మందు సీసాలకు ఆ అక్షరం వచ్చింది. సాల్మన్ రాజు పోయేదాకా తన గోలీలు తానే చదువుకుని వేసుకున్నాడు.

అందుకే ఆయన పేరు ఆ అక్షరంలో కనబడాలని ఆమె కోరిక. ఆయన బతికి ఉండి చౌరస్తాలో నిలబడితే, ఎవరినీ అడగకుండా తన పేరు తాను చదువుకోగలగాలి.

గురువారం పొద్దున ఫ్లెక్సీ కట్టారు. మధ్యాహ్నం లైబ్రరీలో ఉండగా మొదటి ఫోను వచ్చింది. కోహెడకు చెందిన తిరుమల్ అనే అతను, సాగర్ రోడ్డు మీద బండిపై పోతూ ఫ్లెక్సీ చూశాడట. నర్సరీ బడి ఎప్పుడు మొదలుపెడుతున్నారో కనుక్కుందామని చేశాడు. సుసన్న అది బడి కాదని, తన భర్త చనిపోయి సంవత్సరమవుతోందని, ఆదివారం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నామని నెమ్మదిగా చెప్పింది. అవతల తిరుమల్ అయ్యో అన్నాడు.

"సార్ పేరు మీద పెడుతున్నరన్నట్టు. మంచి పని మేడం. మా పాపకు మూడేండ్లు నిండినయ్. వ్యాను కోహెడ దాక వస్తదా?"

అప్పుడు బడులు తెరిచే ముందు రోజులు. చౌరస్తాలో ఎటు చూసినా ఆ గుండ్రటి అక్షరంలో పిల్లల బడుల ఫ్లెక్సీలే. బండి మీద పోయేవాడు ఆగి చదవడు. అక్షరం తీరు చూస్తాడు, ఫోటో చూస్తాడు, కింద నంబరు చూస్తాడు. నవ్వుతున్న పెద్దమనిషి ఫోటో, పక్కన పిల్లల అక్షరం ఉంటే ఆయన బడి యజమాని కాక మరెవరవుతాడు. సాయంత్రానికి ఫోన్లు పెరిగాయి. ఒకరు యూనిఫాం రంగు అడిగారు. ఒకరు మధ్యాహ్నం నిద్రపుచ్చుతారా అని అడిగారు. సుసన్న అందరికీ అదే జవాబు చెప్పింది. చనిపోయారు అన్న మాట విన్న ప్రతివారూ అయ్యో అని, ఒక్క క్షణం ఆగి, అయితే ఇప్పుడు బడి ఎవరు చూసుకుంటారని అడిగారు.

శుక్రవారం ఆమె కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిట్లో పసుపురంగు ప్లాస్టిక్ ఏనుగు నిలబడి ఉంది. వీపు మీదికి మెట్లు, కిందికి జారడానికి తొండం. పిల్లల బడులకు ఆటసామాను అమ్మేవాడొకడు నమూనాగా దింపిపోయాడని, నచ్చకపోతే వచ్చే వారం పట్టుకుపోతాడని పక్కింటివాళ్ళు చెప్పారు. వీధిలోని పిల్లలు అప్పటికే వరస కట్టారు.

ఆ ఏనుగు పక్కనే ఇస్తారి నిలబడి ఉన్నాడు. ఇస్తారి సాల్మన్ రాజుకు అన్న, చర్చిలో పెద్ద. రెండు వీధుల అవతల ఉంటాడు. ఆయన మాట తక్కువ, పట్టింపు ఎక్కువ.

"సుసన్నా, గిదేంది?"

"ఏనుగు బావా."

"ఏనుగని కనపడుతనే ఉన్నది. మా తమ్ముని ఇంట్ల ఎందుకున్నదని అడుగుతున్న."

సుసన్న జరిగింది చెప్పింది. ఇస్తారి చివరిదాకా విన్నాడు. ఆ రోజు ఉపవాస ప్రార్థనకు పోతే, బడి పెట్టినందుకు చర్చిలో ముగ్గురు తన చెయ్యి పట్టుకుని అభినందించారని చెప్పాడు. అంతవరకూ గొంతు మామూలుగానే ఉంది.

"మా తమ్మునికి కండ్లు పోయినంక అందరు వాన్ని చిన్నపోరని లెక్క జూసిన్రు. చెయ్యి వట్టి నడిపిచ్చిన్రు. చెవుడున్నట్టు గట్టిగ మాట్లాడిన్రు. వానికి ఎంత కష్టమైందో నాకెరుక. ఇప్పుడు వాని పేరు గూడ చిన్నపోరగాండ్ల అక్షరంల రాపిచ్చి చౌరస్తల కట్టినవ్. నువ్వు గూడ గట్లనే జేస్తివి."

ఆ మాటలో మొదటి సగం నిజం. రెండో సగం అబద్ధమని ఆమెకు తెలుసు. కానీ చౌరస్తాలో వందమంది దాన్ని నిజం చేసేశారు. ఆమె ఎంచుకున్న అక్షరం ఆమె అనుకున్న మాట చెప్పలేదు. అది ఆమెను బాగా బాధపెట్టింది. ఆయన తానే చదువుకున్న మనిషని ఊరికి చెప్పాలనుకుంటే, ఊరు ఆయనకు పలకా బలపం ఇచ్చింది.

"ఫోటో ఇయ్యి. ఫ్లెక్సీ సంగతి నేను జూసుకుంట," అన్నాడు ఇస్తారి.

ఆమె ఫోటో ఇచ్చింది.

శనివారం పొద్దున ఇస్తారి దుకాణానికి వెళ్ళి, పెద్దమనుషులకు వాడే సన్న అక్షరం కావాలన్నాడు. వికాస్ చేతికందిన ఫైలు తెరిచాడు. అది అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఎవరిదో ప్లాట్ల వెంచరు కోసం అంతకుముందు చేసింది. అక్షరం ఎలా ఉంటుందో చూపించడానికి సాల్మన్ రాజు ఫోటోను దాని పై మూలలో పెట్టాడు. కాలం చేసిన పెద్దల ఆశీస్సులతో వెంచర్లు మొదలుపెట్టేవారు ఫోటోను అక్కడే పెట్టిస్తారు.

"అక్షరం ఇట్లుంటె నడుస్తదా పెద్దబాపు?"

ఇస్తారి రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. తర్వాత ముందుకు వచ్చి వంగి చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని పైనుంచి కిందిదాకా తల మెల్లగా దించాడు.

"మంచిగున్నది. గంభీరంగ ఉన్నది. కింద రేపు పొద్దున, మా తమ్ముని ఇంటికాడ, భోజనాలున్నయని ఎయ్యి. నంబరు పాతదే. పైన మాత్రం ఒక్క అక్షరం గూడ మార్చకు."

"ఒక్కటి గూడనా?"

"ఒక్కటి గూడ."

వికాస్‌కు కొంత ఆశ్చర్యం కలిగింది. కానీ సంవత్సరం తిరగకముందే ప్లాట్ల వ్యాపారంలో దిగిన కుటుంబాలు ఆ ఊరికి కొత్త కాదు. పైగా చర్చి పెద్ద ఒక్క అక్షరం మార్చవద్దన్నాడు. అతను మార్చలేదు.

మధ్యాహ్నం సుసన్న కూరగాయలు తెచ్చుకుంటూ చౌరస్తాలో ఆగింది. పాతదాని చోట కట్టిన కొత్త ఫ్లెక్సీ ఊదారంగులో, సన్నని అక్షరాలతో, ఎంతో మర్యాదగా ఉంది. పై మూలలో సాల్మన్ రాజు నవ్వుతున్నాడు. కింద "మీరు కలలుగన్న స్థలం మీ కోసం ఎదురుచూస్తోంది. హద్దురాళ్ళు పాతి సిద్ధంగా ఉంచాము. కొన్ని మాత్రమే మిగిలి ఉన్నాయి" అని ఉంది. ఆమె రెండుసార్లు చదివింది. ఆమె చేతిలో ఫోను మోగింది. ఎవరో తూర్పుముఖం ప్లాటు ఉందా అని అడిగారు.

ఆమె దుకాణానికి చేరేసరికి ఇస్తారి అక్కడే ఉన్నాడు. దారిలో ఎవరో గజం ఎంతకిస్తున్నావని అడిగితే సంగతి తెలుసుకుని వచ్చాడు. వికాస్‌కు చదువు వచ్చునా అని అడుగుతున్నాడు. కండ్లు పెట్టుకుని పని చెయ్యాలని చెబుతున్నాడు. లోపలా బయటా జనం ఉన్నారు. వికాస్ చాలాసేపు ఓర్చుకుని, చివరికి గొంతు పెంచాడు.

"పెద్దబాపు, మీకు చూపిచ్చిన. పైనుంచి కిందిదాక చూసిన్రు. మంచిగున్నదన్నరు. మీరే గద..."

ఇస్తారి చెయ్యి బల్ల అంచును వెతికి పట్టుకుంది. సుసన్న ఆ చెయ్యి చూసింది. మంచిగున్నది అన్న మాట మళ్ళీ మనసులో విన్నది. కరెంటు బిల్లు పట్టుకుని కూర్చున్న మరో మనిషి ఆమెకు గుర్తొచ్చాడు. నిన్న ఈయన తనను ఏమన్నాడో కూడా గుర్తుంది. ఇప్పుడు నలుగురిలో ఒక్క మాటంటే చాలు, లెక్క సరిపోతుంది. జనం వింటున్నారు.

"తప్పు నాది వికాస్," అంది. "రాసేది నేను పంపాలె. పంపుత పంపుత అని మరిచిన. బావకు ఏం తెలుసు, ఆయన అక్షరం మంచిగున్నదన్నడు. అక్షరం మంచిగనే ఉన్నది."

వికాస్ ఆమె వైపు చూశాడు, ఇస్తారి వైపు చూశాడు. అతను రోజంతా అక్షరాలతో బతికేవాడు. చదవలేనివాడి ముఖం గుర్తుపట్టడం అతనికి కష్టం కాలేదు.

"అవ్ మేడం. నేను గూడ జర ఆగి అడగాల్సుండె," అన్నాడు.

కొత్తది కొట్టడానికి వీలు లేదు. మిషను మీద వేరేవాళ్ళవి ఉన్నాయి. ఉన్నదాన్ని వెంటనే దించేద్దామని నిర్ణయించారు. ఇస్తారి బయటికి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన వీపు ఇటు ఉండగా సుసన్న తన ఫోనులో రాసుకున్న సాల్మన్ రాజు జీవిత విశేషాలను వికాస్‌కు పంపింది. ఆదివారం ప్రార్థన కూడికలో వాటిని చదవవలసింది ఇస్తారే. ఏ అక్షరంలో అచ్చు తీయాలో వికాస్ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఆదివారం వాకిట్లో టెంటు వేశారు. ఏనుగును ఒక మూలకు జరిపారు. బంధువులు, డిపోలో సాల్మన్ రాజుతో పనిచేసినవాళ్ళు వచ్చారు. కోహెడ నుంచి తిరుమల్ భార్యతో, కొత్త గౌను తొడిగిన పాపతో వచ్చాడు. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి దయాకర్ అనే ప్లాట్ల మధ్యవర్తి, తెల్లచొక్కాలు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులను కారులో తెచ్చాడు. ఎవరినీ లేచిపొమ్మనడానికి సుసన్నకు మనసొప్పలేదు. భోజనాలున్నాయని పిలిచింది తామే.

పాస్టరు ప్రార్థన మొదలుపెడితే అందరూ తలలు వంచారు. దయాకర్ కూడా వంచాడు. ఏ వెంచరులోనైనా ముందు దేవుడి పేరు, తర్వాత భోజనం, ఆ తర్వాతే మ్యాపు. అతనికి ఇందులో తేడా ఏమీ కనబడలేదు. తిరుమల్ మాత్రం గోడలు, గేటు, ఏనుగు చూసుకుంటూ భార్య చెవిలో స్థలం బాగానే ఉందని చెప్పాడు.

ఇస్తారి పొద్దుటి నుంచి దగ్గుతున్నాడు. గొంతు పట్టేసిందని, పాస్టరే చదివితే మంచిదని అప్పటికి ఎంతమందికో చెప్పాడు. ఆయన వంతు వచ్చింది. మళ్ళీ దగ్గి, చెయ్యి అడ్డంగా ఊపబోయాడు. సుసన్న లేచి వెళ్ళి కాగితాలు ఆయన చేతిలో పెట్టి, వచ్చి తన చోట కూర్చుంది.

ఇస్తారి కాగితం వైపు చూశాడు. ఎవరి ముఖమూ చూడలేదు. కాగితాన్ని కొంచెం దగ్గరికి తెచ్చుకున్నాడు. దగ్గు ఆగిపోయింది.

"సాల్మన్ రాజు," అని చదివాడు. ఆగాడు. "సాల్మన్ రాజు డిపోలో మెకానిక్. ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పేవాడు."

ఆయన చాలా మెల్లగా చదివాడు. ఒక్కో కాగితానికి కొన్ని వరసలే ఉన్నాయి. పూర్తయిన కాగితాన్ని వెనక్కి పెట్టి తర్వాతిది తీసుకున్నాడు. డిపోవాళ్ళు ఇంజన్ల మాటకు తలలూపారు. ఏనుగు మీది పిల్లలు కూడా ఏదో తెలిసినట్టు దిగి వచ్చి కూర్చున్నారు.

"చూపు తగ్గాక కూడా తన మందులు తానే చదువుకుని వేసుకున్నాడు. ఎవరి చేతా ఏదీ చదివించుకోలేదు. మెల్లగా చదివేవాడు. తానే చదివేవాడు."

ఇస్తారి అక్కడ ఆగిపోయాడు. దుఃఖం వచ్చిందేమోనని పాస్టరు లేవబోయాడు. ఇస్తారి చెయ్యెత్తి ఆయన్ను కూర్చోమన్నాడు. ఆ ఆఖరి మాటను మళ్ళీ చదివాడు. "తానే చదివేవాడు." ఈసారి గొంతు దించలేదు. సుసన్న తల వంచుకుని కొంగు సరిచేసుకుంది. ఏడాది కాలంలో ఆమె నలుగురిలో ఏడవడం అదే మొదలు.

భోజనాల దగ్గర దయాకర్ కళ్ళు తుడుచుకుని ఇస్తారి చేతులు పట్టుకున్నాడు. ఇంత మంచి మనిషి పేరు మీద వేసిన వెంచరులో మోసం ఉండదని తనకు నమ్మకం కుదిరిందని, ఎదురు రోడ్డు ఎన్ని అడుగులో చెబితే చాలని అడిగాడు. తిరుమల్ పాపను ఏనుగు మీద నుంచి దింపడం ఎవరివల్లా కాలేదు. అన్నం కూడా అక్కడే తినిపించారు.

మరుసటి ఆదివారం ఇస్తారి ఒక సంచితో సుసన్న ఇంటికి వచ్చాడు. కాసేపు ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత సంచిలోంచి గోలీల డబ్బాలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు.

"వీటికి పేర్లు అంటియ్యి సుసన్నా. నా కండ్లు మంచిగనే ఉన్నయ్. ఇంట్ల మీ అక్కకే జర మసక మసకగ ఉన్నదట."

"అట్లనే బావా."

"గా పిల్లల బడి అక్షరం మాత్రం వద్దు. పెద్దమనుషులది ఉండాలె."

అలాంటిది ఇంకోటి ఉందని సుసన్న చెప్పింది. సోమవారం కాలేజీ నుంచి ఆ పాత గుండ్రటి అక్షరంలోనే అచ్చు తీసి తెచ్చి అంటించింది. ఇస్తారి ఒక్కో డబ్బా చేతిలోకి తీసుకుని, వెలుతురు వైపు తిరిగి, పొద్దుటిది ఏదో రాత్రిది ఏదో అన్నీ పైకే చదివాడు. ఎక్కడా తడబడలేదు. చదివి, మళ్ళీ సంచిలో సర్దుకున్నాడు.

ఈ అక్షరంలో ఆ గుండ్రం ఎక్కడా లేదని ఆయనకు బాగా నచ్చింది.